తెల్ల జాకెట్టు ఎందుకు ఆలస్యమైందంటే

టైలరు మాట నమ్మకూడదని మా కోట ఊళ్ళో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. బుధవారం రమ్మంటే కస్టమర్లు శుక్రవారం వస్తారు. వచ్చి, ఆదివారం చర్చికి వేసుకోవాలని అబద్ధం చెబుతారు. నేను రెండు రోజులుగా కరెంటు లేదని అబద్ధం చెబుతాను. అదే సమయానికి ఎదురింట్లో టీవీ మోగుతూ ఉంటుంది. ఇద్దరమూ అది వినపడనట్టే మాట్లాడుకుంటాం. ఇంతవరకూ టైలర్లందరికీ ఉన్నదే, దీంట్లో నా గొప్పేమీ లేదు.

నా రోగం వేరు. నా దగ్గర జాకెట్టు ఆలస్యమయ్యేది కుట్టక కాదు, కుట్టినందువల్ల. గుడ్డ ఇచ్చిన మర్నాడే కుట్టేస్తాను. కుట్టి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి చూస్తాను. ఎడమ చంక కింద చిన్న ముడత కనిపిస్తుంది. కనిపించకపోతే కనిపించేదాకా చూస్తాను. అప్పుడు సగం బ్లేడు తీసుకుని ఆ కుట్టు విప్పుతాను. ఆ కుట్టు విప్పినాక పక్క కుట్టు అనుమానంగా చూస్తుంది. దాన్నీ విప్పుతాను. సాయంత్రానికి జాకెట్టు పోయి మళ్ళీ గుడ్డముక్కలు మిగులుతాయి.

"నువ్వు కుట్టేదానికంటే ఇప్పేదే జాస్తి. బోర్డు మార్పిద్దాం. ఇచ్చట కుట్లు విప్పబడును అని రాపిద్దాం," అంటాడు మా ఆయన. రొయ్యల మేత అమ్మే అంగట్లో పనిచేస్తాడు. బస్తా మీద ఎన్ని కిలోలు రాసి ఉంటే అన్ని కిలోలు ఉంటాయని నమ్మే మనిషి. ఆయనకు నా బాధ ఎలా చెప్పాలి?

బీరువాలో పై అర నిండా పూర్తయినవే ఉండేవి. ఒక్కోదానికి కవరు, కవరు మీద చీటీ. అన్నీ అయిపోయాయి, అన్నిటికీ ఇంకా కొంచెం ఉంది. ఒకామె బిడ్డను చర్చిలో ప్రతిష్ఠ చేసే రోజుకని జాకెట్టు ఇచ్చింది. ఆ బిడ్డ బడికి వెళ్ళేటప్పుడు మా ఇంటి ముందునుంచే వెళ్ళేది, నేను తలుపు దగ్గరికి వేసుకునేదాన్ని.

ఎప్పుడైనా మొహమాటపడి ఒకటి ఇవ్వాల్సి వస్తే ఇక నా అవస్థ చూడాలి. కస్టమరు లోపలి గదిలో తెర వెనక వేసుకుని చూసుకుంటూ ఉంటుంది. నేను వంటింట్లో నిలబడి ఉంటాను. గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటుంది. అవసరం లేకపోయినా ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టేదాన్ని. కళ్ళల్లో నీళ్ళొస్తే దానికో కారణం ఉండాలి కదా. మా ఇంట్లో కూరల్లో ఉల్లిపాయలు ఎక్కువైన రోజున ఎవరో జాకెట్టు తీసుకెళ్ళారని మా ఆయనకు తెలిసిపోయేది.

అట్లాంటప్పుడు వంటింట్లోకి వచ్చి నా మెడ వెనక చెయ్యి వేసేది మా పక్కింటి అక్క. సొంత అక్క కాదు, అంతకంటే ఎక్కువ. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని. పొద్దున్నుంచి ఐసులో నానిన చేతులు, సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చినా చల్లగానే ఉండేవి, నీచు వాసన వేస్తూ. ఆ చెయ్యి మెడ మీద పడితే గుండె కొంచెం కిందికి దిగేది. "ఏం కాదు మే. జాకెట్టేగా, బిడ్డనా?" అనేది. భర్త పోయి ఎనిమిదేళ్ళు. పిల్లల్లేరు. స్నానం చేసి, పిట్టగోడ దాటి వచ్చి మా గడప మీద కూర్చుని నా జాకెట్లకు హుక్సులు కుట్టేది. మాట్లాడుతూనే కుట్టేది, చూడకుండా కుట్టేది, ఒక్క హుక్కు కూడా వంకర పోయేది కాదు. దానికి నాకు లోపల కాస్త కుళ్ళుగానే ఉండేది.

ఆమే నన్ను నెల్లూరు తీసుకెళ్ళింది. గుండె జబ్బని నాకు గట్టి నమ్మకం. అక్కడ తీగలు పెట్టి గీతల కాగితం తీశారు. డాక్టరుగారు చూసి, "గుండె బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నారు. నాకు సంతోషం కలగాల్సింది పోయి చిన్నతనం అనిపించింది. పైగా ఆ కాగితంలో గీతల ఎత్తులన్నీ ఒకటిగా లేవు. మూడోది ఒక పోగు పొట్టిగా ఉంది. అడుగుదామని నోరు తెరిచాను. అక్క మోచేత్తో పొడిచింది.

ఆయన మమ్మల్ని మేడమీద ఇంకో డాక్టరమ్మ దగ్గరికి పంపించారు. ఆమె సూదులూ తీగలూ లేకుండా కూర్చుని మాటలే అడిగింది. ఏం పని చేస్తారు, గుండె ఎప్పుడు కొట్టుకుంటుంది, కుట్టింది బాగాలేదని ఎంతమంది తిరిగి తెచ్చారు. చివరిదానికి నేను చాలాసేపు ఆలోచించి ఒకరిద్దరు అన్నాను. ఆమె ఒక చిన్న మాత్ర రాసింది. దాంతోపాటు ఒక పని చెప్పింది.

"ఈ వారం ఒక జాకెట్టు తప్పుగా కుట్టి ఇవ్వండి. కావాలనే. చిన్న తప్పు చాలు. ఇచ్చాక ఏమవుతుందో చూసి వచ్చి నాకు చెప్పండి."

అక్క పక్కన కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. బస్సులో గూడూరు దాటేదాకా నవ్వుతూనే ఉంది.

తప్పుడు జాకెట్టు ఎవరికివ్వాలి? ఆలోచించి ఆలోచించి టీచరమ్మను ఎంచుకున్నాను. ఆమె పిల్లల నోటు పుస్తకాల్లో మార్జిను స్కేలుతో గీయించే మనిషి. ఆమె కంట పడకుండా ఏ తప్పూ పోదు. చస్తే ఒకేసారి చద్దామని నా లెక్క. ఎడమ చేతి అంచు పైపింగు కుడిచేతి దానికంటే పావంగుళం కిందికి దించాలని నిర్ణయించాను. సుద్దతో గీశాను. టేపు పెట్టి మూడుసార్లు కొలిచాను. కుట్టాక చూస్తే పావంగుళం మీద ఒక గీత ఎక్కువ వచ్చింది. బ్లేడు తీసుకున్నాను.

గడప మీద అక్క తలెత్తింది. "మళ్ళా ఏందిమే ఇప్పతా ఉండావు?"

"తప్పు సరిగ్గా రాలేదక్కా."

ఆమె సూది తీసి దారపుండలో గుచ్చింది. "పా, ఆ డాక్టరమ్మ దగ్గిర ఇంగో చీటీ రాపించుకోనొద్దాం," అంది.

మొత్తానికి సరిగ్గా పావంగుళం తప్పుతో జాకెట్టు తయారైంది. టీచరమ్మ వచ్చింది, తెర వెనక్కి వెళ్ళింది. నేను వంటింట్లో రెండు ఉల్లిపాయలు తరిగాను. ఆమె బయటికొచ్చి "బాగుందమ్మా," అని వెళ్ళిపోయింది. ఆ వారంలో రెండుసార్లు అదే వేసుకుని బడికెళ్ళింది. నేను ఊపిరి బిగపట్టుకుని ఎదురుచూశాను. ఏమీ జరగలేదు.

నిజం చెప్పాలంటే నాకు ఊరట కలగలేదు, ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళూ నేను కళ్ళు పొడుచుకున్నది ఈవిడ కోసమా? కూరగాయల బండి దగ్గర కనబడితే ఆగలేకపోయాను. "మేడమ్, ఎడమ చెయ్యి పావంగుళం దిగింది, మీరు చూసుకోలేదా?" అన్నాను.

ఆమె వంకాయ చేతిలో పట్టుకుని ఆలోచించింది. "అవునా? ఎడమ భుజమే దిగిందేమో అనుకున్నా. ఇన్నేళ్ళు ఆ భుజానికే బ్యాగు మోసినా గదా," అంది. అని, కాయలు ఏరుకోవడంలో పడింది.

ఆ తర్వాత నేను కొంచెం బాగుపడ్డాను. పూర్తిగా అని ఎవరైనా చెబితే నమ్మకండి. కానీ బీరువా పై అర సగం ఖాళీ అయింది. ప్రతిష్ఠ జాకెట్టు కూడా ఇచ్చేశాను. ఆమె చూసి, "ఇది నాదేనా?" అంది. ఆ మధ్య పుట్టిన రెండో బిడ్డ వల్ల ఆమె కొలతలన్నీ మారిపోయాయి. అది వేరే సంగతి. నాకు రోగం తగ్గిందని ఊరంతా చెప్పుకుని తిరిగాను. సరిగ్గా అప్పుడే అక్కకు పెళ్ళి కుదిరింది.

కావలి దగ్గర ప్రార్థన కూటాలకు వెళ్ళినప్పుడు పాస్టరమ్మగారు చూపించిన సంబంధం. జువ్వలదిన్నెలో, హార్బరులో పడవలకు ఐసు ఎక్కించే చోట మేస్త్రీ. ఆయనకూ భార్య పోయింది. "ఇద్దరి చేతులూ ఐసులో నానేవే. పెండ్లిలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుంటే జలుబు చేస్తుంది," అని నేనే అందరి ముందూ ఎగతాళి చేశాను. అందరికంటే గట్టిగా నవ్వాను కూడా.

జువ్వలదిన్నె అంటే మాకు దగ్గర కాదు. నెల్లూరికి ఒక బస్సు, అక్కడినుంచి కావలికి ఇంకోటి, ఆపైన ఆటో. పిట్టగోడ దాటినట్టు దాటి వచ్చేది కాదు.

నెల్లూరు పోయి తెల్లగుడ్డ తనే తెచ్చుకుంది. రెండో పెళ్ళికి తెలుపెందుకు, గోధుమరంగుదేదో కట్టుకుంటే చాలదా అని వాళ్ళ అన్న గొణిగాడు. అక్క ఆయనకు బదులు చెప్పలేదు, నాకు చెప్పింది. "మొదటి పెండ్లికి మా వదిన జాకెట్టు తెచ్చి తొడిగినారు మే. వదులని ఎనకంతా పిన్నీసులు పెట్టినారు. ప్రార్థన చేసేటప్పుడు ఒకటి ఊడి ఈపులో గుచ్చుకునింది. దేవుడు ఏం చెప్పినాడో నాకు ఒక్క ముక్క ఇనపడలా. ఈసారి నా కొలతకు కుట్టింది ఏసుకుంటా."

ఇన్నేళ్ళ స్నేహంలో ఆమెకు టేపు పెట్టి కొలత తీయడం నాకదే మొదటిసారి. ఎప్పుడూ పాత జాకెట్టు ఆదిగా పెట్టి అదే కొలతకు కుట్టేసేదాన్ని. ఈసారి రెండుసార్లు తీశాను. మూడోసారికి చెయ్యి తోసేసింది.

మాలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. ఫలానా ఆయనకూ ఫలానా ఆమెకూ వివాహం జరగబోతోంది, ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే తెలియజేయవలెను అని. చదివాక పాస్టరుగారు కాసేపు ఆగుతారు. ఆ కాసేపూ జనం తలలు తిప్పకుండా కళ్ళు మాత్రం తిప్పుతారు. మొదటి ఆదివారం వెనక వరసలో ఒక ముసలమ్మ దగ్గింది. చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. పాపం ఆమె భయపడిపోయి, "దగ్గే నాయనా," అంది.

మొదటి ప్రకటనకే జాకెట్టు కుట్టి పెట్టేశాను. తెలుపు మీద అన్నీ కనబడతాయి కదా. మెడ దగ్గర గుండ్రం నాకు నచ్చలేదు. విప్పాను. రెండో ప్రకటనకు మెడ బాగుంది, చేతులు నచ్చలేదు. చేతుల గుడ్డ విప్పి విప్పి నలిగిపోయిందని నేనే గూడూరు వెళ్ళి అదే తెలుపు తెచ్చాను. మూడో వారానికి పక్క కుట్లు. కుట్టే ముందు చేతులు సబ్బుతో కడుక్కునేదాన్ని, కుట్టాక కడుక్కునేదాన్ని, మధ్యలో కూడా కడుక్కునేదాన్ని. గుండె దడ మళ్ళీ మొదలైంది. కానీ ఈసారి కస్టమరు తెర వెనక లేదు. నా గడప మీదే కూర్చుని వేరేవాళ్ళ జాకెట్లకు హుక్సులు కుడుతోంది.

ఆమెకు అబద్ధం చెప్పడం కూడా కష్టమే. మా ఇంట్లో కరెంటు పోతే వాళ్ళింట్లోనూ పోతుంది. అందుకని, "దారం షేడు కుదర్లేదక్కా," అన్నాను.

"తెలుపులో షేడేంది మే?"

"తెలుపులో చాలా తెలుపులుండాయక్కా. నీకు తెలీదు."

ఆమె దారం కొరికి పక్కకు పెట్టింది. అప్పుడే నాకు అర్థం కావాల్సింది. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఆడుతున్న అబద్ధాలు ఎటువైపు పోతున్నాయో నేను చూసుకోలేదు.

మూడో ప్రకటన చదివిన ఆదివారం మధ్యాహ్నం, చర్చికి కట్టుకున్న చీర మార్చకుండానే అక్క వచ్చింది. బుధవారం పెళ్ళి. గడప మీద కూర్చోలేదు. లోపలికి వచ్చి కస్టమర్లు కూర్చునే స్టూలు మీద కూర్చుంది.

"జాకెట్టు చూపించు."

నేను తీసి బల్ల మీద పరిచాను. చేతులు విడిగా ఉన్నాయి. ఒక పక్క విప్పి ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

"మూడు వారాలు అయ్యగారు అడిగినారు గదా, అభ్యంతరం ఉందా అని. ఊరంతా నోరు మూసుకునింది. మా అన్న గూడా మూసుకున్నాడు. నువ్వొకదానివి మాత్రం రోజూ బ్లేడు పట్టుకోని చెప్తానే ఉండావు," అంది.

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఎగిరి పడ్డాను. "నీ జాకెట్టు బాగుండాలని నేను తిండి మానేసి కుడతా ఉంటే నాకు అభ్యంతరమా? నీకంత తొందరగా ఉంటే గూడూరులో రెడీమేడు కొనుక్కో పో. ఇంత చేసినందుకు బాగా చెప్పినావు."

ఆమె గొంతు పెంచలేదు. "నాకు నలభై మూడేండ్లు మే. నాకు గూడా సిగ్గుగానే ఉంది. ఈ వయసులో నాకెందుకొచ్చింది ఇది అని రోజుకు పదిసార్లు అనిపిస్తా ఉంది. నువ్వు సరేనంటే ధైర్యంగా పోదామనుకున్నా. నీకు ఇష్టం లేకపోతే ఒక్క మాట చెప్పు. అయ్యగారికి ఫోను జేసి వద్దంటా. ఇప్పుడే జేస్తా."

ఫోను తీసింది. బెదిరింపు కాదు. బొటనవేలు నంబరు మీద ఉంది. నేను ఊ అంటే చేసేస్తుంది. ఎనిమిదేళ్ళ తర్వాత తనకంటూ కుదిరిన మనిషిని, నా జాకెట్టు పక్క కుట్టు కోసం వదులుకుంటుంది.

నా నోట్లోంచి వచ్చిన మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. "నువ్వు పోతే నా హుక్సులు ఎవరు కుడతారు?" అన్నాను.

ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"నువ్వు పోతే నాకు బయ్యంగా ఉందక్కా," అన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది, ఉల్లిపాయలు లేకుండానే. ఆ జాకెట్టు పూర్తయితే నువ్వు వెళ్ళిపోతావు, పూర్తికాకపోతే వెళ్ళవు, ఇంతే నా బుర్రలో ఉన్నది అని చెప్పాను. చెబుతుంటేనే నాకూ తెలిసింది. ఇన్ని రోజులూ ముడత కోసమే విప్పుతున్నానని నేను కూడా నమ్మాను.

ఆమె ముక్కు చీదుకుంది. "దానికి జాకెట్టు ఏం జేసింది మే, పాపం," అంది. మళ్ళీ తనే, "పోవద్దంటావా?" అంది.

"పొమ్మంటా."

"అయితే కుట్టు. నేను ఈడే కూచ్చుంటా. ఇంగ తిప్పి చూసినావంటే నా మీద ఒట్టే."

ఆ మధ్యాహ్నం నేను కుట్టినట్టు నా జీవితంలో ఎప్పుడూ కుట్టలేదు. పక్కలు వేశాను, చేతులు ఎక్కించాను, మధ్యమధ్యలో మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. కిటికీ దగ్గరికి వెళ్ళలేదు, వెలుగులో పెట్టి చూడలేదు. గుండె ఎలా కొట్టుకుంటోందో పట్టించుకునే తీరిక కూడా లేదు. మిషను మీంచి తీయగానే ఆమె లాక్కుంది. ఇస్త్రీ కూడా చెయ్యనివ్వలేదు. "నీ చేతికి ఇస్తే ఇస్త్రీపెట్టెతో గూడా ఇప్పతావు," అని, హుక్సులు తనే కుట్టుకుంటానని పట్టుకుపోయింది.

బుధవారం ఉదయం పదింటికి వాళ్ళింట్లో ఆమె ఆ జాకెట్టు తొడుక్కుంది. నేను మెడ వెనక చూశాను, బాగుంది. నడుము బాగుంది. భుజం దగ్గర చూశాను. ముందు వైపంతా ముడతలు, వెనక పట్టేసి ఉంది. ఒక్క క్షణంలో నాకు తెలిసిపోయింది. కుడిచెయ్యి ఎడమకు, ఎడమచెయ్యి కుడికి ఎక్కించాను. కుట్టు నేర్చుకునే పిల్లలు మొదటి వారంలో చేసే తప్పు. ఎన్నేళ్ళుగానో కుడుతున్నాను, టీచరమ్మ కోసం కావాలని చేసిన పావంగుళం తప్ప ఇంకో తప్పు ఎరగను. చేస్తే చేశాను, దీన్ని చేశాను, ఆమె పెళ్ళికి.

"చెయ్యి పైకెత్తక్కా," అన్నాను. ఎత్తింది. భుజం దాకా కూడా రాలేదు. ఆగిపోయింది.

"తీసెయ్యి. అరగంట. అరగంటలో మార్చేస్తా," అన్నాను. పదిన్నరకు పెళ్ళి. పాస్టరమ్మగారు అప్పటికే వాకిట్లో నిలబడి కారు వచ్చిందని పిలుస్తోంది.

అక్క అద్దంలో నన్ను చూసింది. "మే, ఉంగరం పెట్టేదానికి చెయ్యి ఎంత ఎత్తుకు లేవాల?"

"...నడుము ఎత్తుకు."

"పుస్తకంలో సంతకానికి?"

"బల్ల ఎత్తుకు."

"కేకు కొయ్యడానికి గూడా బల్లే గదా. ఇంగెందుకు ఏడస్తావు? నాకేమన్నా చెట్టెక్కే పని పెట్టినారా ఆడ?" అంది. ముసుగు సర్దుకుని బయటికి నడిచింది.

చర్చిలో నేను రెండో వరసలో కూర్చున్నాను. ప్రార్థనలో కళ్ళు మూసుకోలేదు, దేవుడు క్షమించాలి. ఆమె చేతులు ఎంత ఎత్తుకు లేవాల్సి వస్తుందో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పాస్టరుగారు ఆఖరుసారి అభ్యంతరాలు అడిగారు. అందరూ నిశ్శబ్దం. పెళ్ళికూతురు ముసుగులోంచి మెల్లగా తల తిప్పి రెండో వరసకేసి చూసింది. నేను పెదవులు బిగించి తల అడ్డంగా ఊపాను. నా పక్కనామె, ఏమైందని గుచ్చి గుచ్చి అడిగింది.

దండల దగ్గర నా ప్రాణం పైకిపోయింది. పెళ్ళికొడుకు మంచి పొడగరి. అక్క దండ పట్టుకుని గుండె ఎత్తు దాకా తెచ్చి ఆగింది. ఆయన ఒక క్షణం చూసి, వంగాడు. బాగా కిందికి వంగాడు. జనం నవ్వారు. అప్పుడే లొంగిపోయినాడని ఎవరో అన్నారు. సరే, గండం గడిచింది అనుకున్నాను.

గడవలేదు. చివర్లో పాస్టరుగారికి ఆనందం ఎక్కువై, "నూతన దంపతులతో కలిసి అందరం చేతులెత్తి దేవుణ్ణి స్తుతిద్దాం," అన్నారు. ఈ సంగతి నా లెక్కలో లేదు. చర్చి నిండా చేతులు లేచాయి. ఐసు మేస్త్రీ చేతులు అందరికంటే పైకి లేచాయి. పక్కన అక్క అరచేతులు మాత్రం మోచేతుల ఎత్తులో ఆగి ఉన్నాయి, పళ్ళెం పట్టుకున్నట్టు. జనం చూస్తారని నాకు చెవులు మోగుతున్నాయి. ఆయన పక్కకు చూశాడు. ఎందుకో ఆయనకు తెలియదు, చెప్పినవాళ్ళు లేరు. మెల్లగా తన చేతులు దించి, ఆమె చేతులు ఎంత ఎత్తులో ఉన్నాయో అంత ఎత్తులో పెట్టుకున్నాడు. అట్లాగే కళ్ళు మూసుకుని స్తోత్రం చెప్పాడు.

నేను ఇంక లెక్కపెట్టడం ఆపేశాను. ఈ మనిషి దగ్గరికి ఆమెను పంపించవచ్చు అనుకున్నాను. భోజనాల్లో రెండుసార్లు బిర్యానీ పెట్టించుకున్నాను.

నెల రోజుల తర్వాత ఒక శనివారం అక్క వచ్చింది, పొద్దున బస్సుకు. సంచిలో తెల్లజాకెట్టు ఉంది. వాళ్ళ సంఘంలో మర్నాడు ఎవరిదో పెళ్ళంట. "చేతులు మార్చి పెట్టు. ఆడ కొత్తకోడల్నని పాటలు పాడమంటారు, చేతులు తట్టాల. మూడున్నర బస్సుకి పోతే మరీ పొద్దుపోకముందే ఇల్లు జేరతా," అంది. ఎండకు కొంచెం నల్లబడింది, ఒళ్ళు చేసింది. జువ్వలదిన్నెలో చేపలు చవక అంది.

నేను బ్లేడు తీసుకుని చేతులు విప్పాను. ఈసారి కుడి కుడికి, ఎడమ ఎడమకు. మూడింటికల్లా అయిపోయింది. అలవాటు చచ్చినా పోదు కదా, తిప్పి చూశాను. ఎడమ చంక కింద ముడత ఉంది. నిజంగానే ఉంది, నేను కల్పించింది కాదు.

అక్క చెప్పులు వేసుకుని, సంచి భుజానికి తగిలించుకుని నిలబడి ఉంది. మూడున్నర బస్సు తప్పితే ఆ తర్వాతది పట్టుకుని జువ్వలదిన్నె చేరడం కుదరదని మా ఇద్దరికీ తెలుసు. ఒక్క పది నిమిషాలు ఉండక్కా అంటే చాలు. పది నిమిషాలు గంట అవుతుంది, గంట రాత్రి అవుతుంది, ఆమె ఇక్కడే పడుకుంటుంది. ఆమె కూడా కదలకుండా నా చేతిలో జాకెట్టునే చూస్తోంది.

"ఇంగేమన్నా ఉందా మే?" అంది.

"ఏం లేదు. అయిపోయింది," అన్నాను. మడతపెట్టి సంచిలో నేనే దూర్చాను. "పోక్కా, బస్సు పోతుంది."

ఆమె ఆటో ఎక్కి మలుపు తిరిగినాక లోపలికొచ్చి, బాగా ఏడుద్దామని మిషను ముందు కూర్చున్నాను. ఏడుపు సరిగ్గా రాలేదు. సగం ఏడ్చేసరికి టీ తాగాలనిపించింది. పోనీలే అనుకుని లేచాను.